చెరువులో చేపలు చచ్చి తేలాయ్.. కారణమెవరు? క్లాసులో గేమ్ పెట్టి పిల్లలతోనే తేల్పిస్తున్న పాఠం ఇదీ!

ఫోన్‌లో గేమ్ ఆడుతూ దొరికితే ముందు లాక్కునేది టీచరే. మరి ఆ టీచరే క్లాసులోకి వచ్చి.. "అందరూ గేమ్ ఓపెన్ చేయండి" అంటే? వినడానికి కామెడీగా ఉంది కానీ, అమెరికాలో కొన్ని స్కూళ్లలో ఇది సైన్స్ పీరియడ్‌లో సీరియస్‌గా జరిగిన పనే.

ఆ గేమ్‌లో గన్స్ ఉండవు. కాయిన్లు రావు. లెవెల్స్ దాటేది కూడా ఏం ఉండదు. ఉండేదల్లా ఒక చెరువు. ఒకరోజు ఆ చెరువులో చేపలు చచ్చి తేలతాయి. ఎందుకు చచ్చిపోయాయో పిల్లలే కనిపెట్టాలి. అంతే, అదే గేమ్!

ఇంత చిన్న కథతో రెండు వారాల పాఠం ఎలా నడుస్తుంది? పిల్లలకు దాన్ని ఎలా పరిచయం చేస్తారు? అసలు గేమ్‌తో చదువు వస్తుందా, లేక ఉన్న చదువు కూడా పోతుందా? చూద్దాం.

ఏంటీ గేమ్.. ఎవరు చేశారు?

దీని పేరు ఎకోమ్యూవ్. హార్వర్డ్ యూనివర్సిటీలోని ఎడ్యుకేషన్ విభాగం దీన్ని తయారు చేసింది. ప్రొఫెసర్లు క్రిస్ డీడ్, టీనా గ్రోట్జర్‌ల టీమ్ దీని వెనక ఉంది. 6 నుంచి 8 తరగతుల పిల్లల కోసం చేసిన గేమ్ ఇది. ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి చెరువు, రెండోది అడవి. ఒక్కో దానికి దాదాపు రెండు వారాల క్లాసులు పడతాయి. ఇది ఫోన్ గేమ్ కాదు, కంప్యూటర్‌లో ఆడేది.

ఇలాంటి వాటిని వర్చువల్ వరల్డ్ గేమ్స్ అంటారు. అంటే స్క్రీన్ మీద ఒక ఊరో, చెరువో, అడవో ఉంటుంది. పిల్లాడి బదులు అక్కడ ఒక బొమ్మ మనిషి తిరుగుతుంటాడు. దాన్నే అవతార్ అంటారు. ఆ బొమ్మని ఎటైనా నడిపించొచ్చు, అక్కడున్న మనుషులతో మాట్లాడొచ్చు, వస్తువుల్ని పరీక్షించొచ్చు.

క్రిస్ డీడ్ టీమ్‌కి ఇది మొదటిదేం కాదు. అంతకుముందు 2000ల్లో రివర్ సిటీ అనే మరో గేమ్ చేశారు. అందులో 1800ల చివరి నాటి ఒక అమెరికన్ పట్టణం ఉంటుంది. జనం జబ్బుపడుతుంటారు. కారణం నీళ్లా, గాలా, దోమలా అని పిల్లలు తేల్చాలి. చివర్లో ఆ ఊరి మేయర్‌కి.. ఏం చేస్తే బాగుంటుందో లెటర్ రాయాలి.

రెండింటిలోనూ ఒకటే సూత్రం. జవాబు పుస్తకంలో ఉండదు, టీచర్ నోట రాదు. సీన్‌లో ఉంటుంది. వెతుక్కోవాలి.

మొదటి రోజు.. చేప ఊసే ఎత్తకూడదు

క్లాసులో గేమ్ పరిచయం చేయడం అంటే పాస్‌వర్డ్ ఇచ్చి వదిలేయడం కాదు. మొత్తం పాఠం నిలబడేది, పడిపోయేది ఆ మొదటి పీరియడ్‌లోనే.

మొదటి పది, పదిహేను నిమిషాలు పిల్లలు ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. పరిగెత్తిస్తారు, నీళ్లలోకి దూకిస్తారు, పక్కవాడి స్క్రీన్‌లోకి తొంగి చూస్తారు. ఆ టైమ్‌లో పాఠం చెప్పాలని చూస్తే ఒక్కడూ వినడు. అందుకే అనుభవమున్న టీచర్లు ఆ పదిహేను నిమిషాలు ఫ్రీగా వదిలేస్తారు. మోజు తీరాకే పని మొదలవుతుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. "చేపలు చచ్చిపోతాయి, కారణం కనిపెట్టండి" అని టీచర్ ముందే చెప్పేస్తే కథ అయిపోయినట్టే. సినిమాకి ముందు క్లైమాక్స్ చెప్పినట్టు! అందుకే మొదటి రోజు అడిగేది ఒక్కటే. చెరువు చుట్టూ తిరగండి, ఏమేం కనిపించాయో రాయండి. ఏ చేపలున్నాయి, ఏ పక్షులున్నాయి, నీళ్లు ఏ రంగులో ఉన్నాయి, గట్టు పైన ఏముంది. ఇదేం పని అని పిల్లలకి బోర్ కొట్టొచ్చు కూడా. కానీ తర్వాత కేసు తేల్చేది ఈ నోట్సే. ముందు ఎలా ఉందో రాసుకోనివాడికి ఏం మారిందో ఎలా తెలుస్తుంది?

క్యాలెండర్ తిప్పితే.. సీన్ మారిపోద్ది

గేమ్‌లో ఒక క్యాలెండర్ ఉంటుంది. దాంతో ఒక రోజు నుంచి ఇంకో రోజుకి వెళ్లొచ్చు. ఎండాకాలంలో కొన్ని వారాల పాటు అదే చెరువుని వేర్వేరు తేదీల్లో చూడొచ్చు. ఒక తేదీలో అంతా మామూలుగా ఉంటుంది. ఇంకో తేదీలో వర్షం. మరో తేదీకి నీళ్లు పచ్చగా మారతాయి. ఆ తర్వాత ఒక తేదీ నొక్కగానే.. గట్టు దగ్గర చచ్చిన చేపలు!

క్లాసులో గోల మొదలయ్యేది అప్పుడే.

పిల్లలు ముందుగా అనేది ఏంటో తెలుసా? "ఎవరో ఏదో కలిపారు" అని. హార్వర్డ్ టీమ్ గమనించింది కూడా ఇదే. పిల్లలు మొదట కళ్లకు కనిపించే ఒక సంఘటననో, ఒక మనిషినో పట్టుకుంటారు. వారాల తరబడి మెల్లగా జరిగిన మార్పు వాళ్ల లెక్కలోకి రాదు. ఈ గేమ్ కట్టింది సరిగ్గా ఆ అలవాటుని మార్చడానికే.

ఆ మాటకొస్తే పిల్లలొక్కళ్లేనా? మన దగ్గరా చెరువులో చేపలు తేలిన వీడియో వాట్సాప్‌లో రాగానే "విషం కలిపారు" అని కామెంట్లు పడిపోతాయి. ఒక్కోసారి అది నిజమే కావొచ్చు. కానీ నీళ్లు టెస్ట్ చేయకముందే తీర్పు ఇచ్చేస్తే, అసలు కారణం అక్కడే దాక్కుని ఉండిపోతుంది. వచ్చే ఏడాది మళ్లీ అదే చెరువు, మళ్లీ అదే వీడియో!

నలుగురు డిటెక్టివ్‌లు.. నాలుగు డ్యూటీలు

ఇక్కడే గేమ్‌లో అసలు తెలివి ఉంది. పిల్లల్ని నలుగురేసి టీమ్‌లుగా చేస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో డ్యూటీ.

ఒకరు నీటి కెమిస్ట్రీ చూస్తారు. నీళ్లలో ఆక్సిజన్, ఫాస్ఫేట్లు, నైట్రేట్లు ఎంతున్నాయో కొలుస్తారు. ఇంకొకరు చేపలు, పక్షుల లెక్క తీస్తారు. మూడో వారిది ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ పని. నాలుగో వారు కంటికి కనిపించని జీవుల్ని చూస్తారు. దీనికోసం గేమ్‌లో ఒక చిన్న సబ్‌మెరైన్ ఉంటుంది. అందులో కూర్చుని నీటి బొట్టంత లోకంలోకి వెళ్లి సూక్ష్మజీవుల్ని దగ్గరగా చూడొచ్చు. ఒక్కో అణువు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో వెంబడించే టూల్ కూడా ఉంది.

ఎవరి దగ్గరున్న సమాచారంతోనూ కేసు ఒంటరిగా తేలదు. ఆక్సిజన్ తగ్గిందని ఒకరికి తెలుసు, ఎందుకు తగ్గిందో తెలీదు. నాచు పెరిగిందని ఇంకొకరికి తెలుసు, దానికీ చేపకీ లింకేంటో తెలీదు. నలుగురూ టేబుల్ దగ్గర కూర్చుని లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటేనే బొమ్మ పూర్తవుతుంది.

దీనివల్ల ఇంకో లాభం. గేమ్స్ బాగా ఆడేవాడు మౌస్ లాక్కుని మొత్తం తనే ఆడేయడం కుదరదు. ఎప్పుడూ గేమ్ ముట్టని అమ్మాయి దగ్గరున్న ఫాస్ఫేట్ లెక్క లేకుండా వాడు కూడా గెలవలేడు!

ఇంతకీ చేపల్ని చంపింది ఎవరు?

సస్పెన్స్ చాలు.. అసలు విషయానికొద్దాం.

చెరువు పైన గుట్ట మీద ఇళ్ల కాలనీ, గోల్ఫ్ కోర్స్ ఉంటాయి. అక్కడి గడ్డికి ఎరువులు వేస్తారు. వర్షం పడితే ఆ ఎరువు నీళ్లతో పాటు కిందికి, చెరువులోకి దిగుతుంది. ఎరువులోని ఫాస్ఫేట్లు, నైట్రేట్లు గడ్డికే కాదు, నాచుకీ బలమే. దాంతో నాచు విపరీతంగా పెరిగి నీళ్లు పచ్చబడతాయి.

పచ్చగా ఉంటే మంచిదే కదా, మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి కదా అనిపిస్తుంది. ఇక్కడే ట్విస్ట్. పగలు ఎండ ఉన్నంతసేపే నాచు ఆక్సిజన్ ఇచ్చేది. రాత్రి అయితే అది కూడా చేపల్లాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. పైగా పెరిగిన నాచు కొన్నాళ్లకి చచ్చి అడుగుకి చేరుతుంది. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్ కూడా వాడేస్తుంది.

దీనికి వాతావరణం తోడవుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటర్ మంచినీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే. మబ్బు పడితే నాచు ఇచ్చే ఆక్సిజన్ తగ్గుతుంది. గాలి లేకపోతే నీళ్లు కదలవు, పైనున్న గాలి లోపలికి కలవదు. చాలా రకాల చేపలకు లీటర్‌కి 5 మిల్లీగ్రాములుంటే హాయి. 2 కంటే కిందికి పడి అలాగే ఉంటే ప్రాణం మీదికే.

మొత్తానికి వేడి, మబ్బు, గాలి లేకపోవడం.. మూడూ కలిసిన టైమ్‌లో చెరువులో ఆక్సిజన్ అయిపోతుంది. తెల్లారేసరికి చేపలు తేలతాయి.

మరి దోషి ఎవరు? ఎరువు వేసినవాడా? వానా? నాచా? బ్యాక్టీరియానా? ఒక్కరిని చూపించలేం. ఎవరూ చేపల్ని చంపాలనుకోలేదు. అయినా చచ్చిపోయాయి. పిల్లలు ఈ గేమ్‌లో నేర్చుకునే అసలు పాఠం ఇదే.

భీమవరం రైతుకి ఇది గేమ్ కాదు

హార్వర్డ్ గేమ్‌లో ఉన్న ఈ సైన్స్ మన గోదావరి జిల్లాల ఆక్వా రైతుకి రోజూ ఎదురయ్యేదే. భీమవరం వైపు చేపల, రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్తే "డీవో పడిపోయింది" అన్న మాట వినిపిస్తుంది. డీవో అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్. రాత్రంతా గిరగిరా తిరిగే ఏరేటర్లు ఉన్నది అందుకే. నీళ్లని చిమ్మి గాలి కలుపుతాయి.

మబ్బు పట్టిన రోజున, కరెంట్ పోయిన రాత్రి రైతుకి నిద్ర ఎందుకు పట్టదో ఇప్పుడర్థమవుతుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే.. అది ఆటలు కాదు, ఊపిరి అందక! కొర్రమీను లాంటివి పైకొచ్చి బయటి గాలి కూడా పీల్చుకోగలవు కాబట్టి తట్టుకుంటాయి. బొచ్చె, రాగండి లాంటి వాటికి ఆ చాన్స్ లేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో చేపలు చనిపోయాయన్న వార్తలూ తరచూ చూస్తుంటాం. అక్కడ డ్రెయినేజీ నీళ్లు, ఫ్యాక్టరీల వ్యర్థాలు కూడా లెక్కలోకొస్తాయి. ఒక్కో చెరువుది ఒక్కో కేసు. అందుకే టెస్ట్ చేయకుండా చెప్పకూడదనేది.

అంటే అమెరికా గేమ్‌లో ఉన్న పాఠాన్ని మన దగ్గర బతుకుతెరువు కోసం నేర్చుకున్నవాళ్లు ఉన్నారన్నమాట. ఆ రైతు కొడుకో, కూతురో క్లాసులో ఉంటే.. వాళ్ల నాన్నకి తెలిసింది పుస్తకంలో ఉన్నదేనని చెప్పేవాళ్లు కావాలి.

గేమ్ పెడితే చాలా? ఇక్కడే చాలామంది పొరపాటు

పాఠం చెప్పేది గేమ్ కాదు. గేమ్ సీన్ చూపిస్తుంది, నంబర్లు ఇస్తుంది. అంతవరకే. "నువ్వు అన్నదానికి ఆధారం ఏది?" అని అడగాల్సింది టీచరే.

అందుకే ఎకోమ్యూవ్‌లో చివరి రోజులు ఆట ఉండదు. ప్రతి టీమ్ ఒక పెద్ద చార్ట్ గీస్తుంది. దేని వల్ల ఏది జరిగిందో బాణాలతో చూపించాలి. ప్రతి బాణం పక్కన దానికి రుజువు పెట్టాలి. ఏ తేదీన ఏ నంబర్ ఎంతుందో గ్రాఫ్ చూపించి క్లాస్ ముందు వాదించాలి. మార్కులు వచ్చేది ఆడినందుకు కాదు, నిరూపించినందుకు.

ఇంకో ఆసక్తికరమైన విషయం కూడా పరిశోధకులు చూశారు. మొదట్లో పిల్లల్ని లాగేది బొమ్మని తిప్పడమే. రోజులు గడిచేకొద్దీ ఆ మోజు తగ్గి, మిస్టరీ తేల్చాలన్న పట్టుదల పెరుగుతుంది. ఆ మలుపు రాకముందే రెండు రోజులకే గేమ్ ఆపేస్తే పిల్లలకి గుర్తుండేది పరిగెత్తించడమే!

ఇబ్బందులు లేవా అంటే.. ఉన్నాయి

స్క్రీన్ మీద చెరువు చాలా నీట్‌గా ఉంటుంది. నొక్కితే నంబర్ వస్తుంది. నిజం చెరువులో అలా కాదు. గట్టు దగ్గర ఒక రీడింగ్, మధ్యలో ఇంకొకటి, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఈ లోటు హార్వర్డ్ టీమ్‌కీ తెలుసు. అందుకే తర్వాత ఎకోమొబైల్ అనే ప్రాజెక్ట్ చేశారు. ఇందులో పిల్లలు ఫోన్లు, నీళ్లని కొలిచే పరికరాలు పట్టుకుని నిజమైన చెరువు దగ్గరికే వెళ్తారు. కొలుస్తారు, పోల్చుకుంటారు.

ఇంకో సమస్య.. జవాబు లీకవడం. పక్క సెక్షన్ వాడు లంచ్‌లో "ఎరువు రా" అనేస్తే సస్పెన్స్ పోతుంది. కానీ ఎందుకు, ఎలా అని బాణాలు గీయమంటే ఆ ఒక్క మాట సరిపోదు. అడిగే ప్రశ్న బాగుంటే లీకైనా నష్టం తక్కువే.

ఇక కంప్యూటర్లు మొరాయించడం, కరెంట్ పోవడం, కొందరికి మౌస్ పట్టుకోవడమే రాకపోవడం.. ఇవి ఏ దేశంలోనైనా ఉండేవే.

మైన్‌క్రాఫ్ట్ సంగతేంటి?

మన పిల్లలకి బాగా తెలిసిన పేరు ఇది. స్వీడన్‌కి చెందిన మొజాంగ్ కంపెనీ గేమ్. 2014లో మైక్రోసాఫ్ట్ దీన్ని 250 కోట్ల డాలర్లకి కొన్నది. 2016లో స్కూళ్ల కోసం ప్రత్యేకంగా ఎడ్యుకేషన్ ఎడిషన్ తెచ్చింది. ఇందులో కోడింగ్ నేర్చుకోవచ్చు, మూలకాలు కలిపి కెమిస్ట్రీ చేయొచ్చు, బోర్డుల మీద టీచర్ సూచనలు రాసి పెట్టొచ్చు. పిల్లలు ఎక్కడ కట్టొచ్చు, ఎక్కడ కట్టకూడదో ముందే హద్దులు పెట్టొచ్చు. అల్లరి ఎక్కువైతే అందరి గేమ్‌నీ పాజ్ చేయొచ్చు.

ఒక తేడా ఉంది. ఎకోమ్యూవ్‌లో ప్రశ్న గేమ్‌లోనే ఉంది. మైన్‌క్రాఫ్ట్‌లో ఖాళీ నేల ఉంటుంది, ప్రశ్న టీచర్ తేవాలి. "కోట కట్టండి" అంటే అది ఆటే. "ఈ కొలతల గదికి ఎన్ని బ్లాకులు పడతాయో ముందు లెక్కేసి, తర్వాత కట్టి చూడండి" అంటే అది ఘనపరిమాణం పాఠం.

కంప్యూటర్ ల్యాబ్ లేకపోతే?

ఒక్క స్క్రీన్ ఉన్నా చాలావరకు నడుస్తుంది. ఏపీలో చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో ఇప్పుడు డిజిటల్ ప్యానెళ్లున్నాయి. గేమ్ లేకపోయినా పద్ధతి తీసుకోవచ్చు. ఒక చెరువు ఫొటోలు తేదీల వారీగా ప్యానెల్ మీద చూపించాలి. నలుగురి చేతికి నాలుగు వేర్వేరు లెక్కల కాగితాలు ఇవ్వాలి. ఒకరి కాగితం ఇంకొకరికి చూపించకుండా నోటితోనే చెప్పుకోవాలి. పక్కన నిజమైన చెరువుంటే మరీ మంచిది. పొద్దున, సాయంత్రం నీటి రంగు, వేడి రెండు వారాలు రాసుకుంటే ఏ గేమ్‌కీ తీసిపోదు. గట్టు దగ్గర మాత్రం పెద్దవాళ్లు తోడుండాల్సిందే.

పేరెంట్స్ అడగాల్సిన మూడు ప్రశ్నలు

"మా స్కూల్లో గేమ్స్‌తో పాఠాలు" అని ఎవరైనా చెబితే వెంటనే మురిసిపోనక్కర్లేదు, కొట్టిపారేయనక్కర్లేదు. ఇవి అడిగితే చాలు.

ఒకటి.. గేమ్‌లో పిల్లలు తేల్చాల్సిన ప్రశ్న ఏంటి?

రెండు.. ఆట అయ్యాక దాని మీద క్లాసులో ఎంతసేపు మాట్లాడతారు? అసలు మాట్లాడకపోతే అది ఖాళీ పీరియడే.

మూడు.. గేమ్ రానివాళ్లకి అందులో పనేంటి?

వీటికి స్కూల్ దగ్గర క్లియర్‌గా సమాధానం ఉంటే పర్లేదు, పిల్లలు మంచి చేతుల్లోనే ఉన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చాక "గెలిచావా?" అని అడగకండి. "ఏం కనిపెట్టావ్? ఎలా తెలిసింది?" అని అడగండి. రేపెప్పుడైనా చేపలు తేలిన వీడియో ఫోన్‌కి వస్తే.. ఫార్వర్డ్ చేసే ముందు "నీళ్లు టెస్ట్ చేశారా?" అని అడిగేది ఆ పిల్లలే!